సముద్రపు నాచు సారంతో విత్తనశుద్ధి

సముద్రపు నాచు సారంతో విత్తనశుద్ధి అనగా సముద్రంలో పెరిగే నాచుల నుండి తీసిన ద్రవాన్ని నీటిలో బాగా పలుచన చేసి, విత్తడానికి ముందు అందులో విత్తనాలను కొన్ని గంటలపాటు నానబెట్టే పద్ధతి. విత్తనాలు త్వరగాను, దాదాపు ఒకేసారిగాను మొలవడానికి, మొలకలు బలంగా ఎదగడానికి దీనిని వాడుతారు. టమాటా, వంగ, మిరప, బెండ, అలసంద మొదలైన పంటలపై దీనిని గురించి అనేక దేశాలలో పరిశోధనలు జరిగాయి. ఈ సారంలో మొక్కకు మేలు చేసే పదార్థాలతో పాటు సముద్రపు ఉప్పు కూడా ఉంటుంది. అందువలన తగినంత పలుచన చేసినపుడు మొలకకు తోడ్పడే ద్రవమే, చిక్కగా ఉన్నపుడు మొలకను అడ్డుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి డెల్టాలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. అక్కడి కూరగాయల సాగుకు త్వరగా మొలిచే నారు ఎంత అవసరమో, నేలలోను నీటిలోను ఉప్పు అంత పెద్ద సమస్య.

నాచులు, వాటి సారం

తెలుగులో నాచు, పాచి అనే మాటలను చెరువులలో, కాలువలలో పెరిగే మంచినీటి శైవలాలకు కూడా వాడుతారు. ఈ వ్యాసంలో చెప్పబడినవి సముద్రంలో రాళ్ళను అంటిపెట్టుకొని పెరిగే పెద్ద శైవలాలు మాత్రమే. వీటిని రంగును బట్టి గోధుమ, ఎరుపు, ఆకుపచ్చ నాచులని మూడు తరగతులుగా విభజించారు. సర్గాసమ్, పడినా, ఉత్తర అట్లాంటిక్ తీరాలలో పెరిగే అస్కోఫిల్లమ్ నోడోసమ్, దక్షిణాఫ్రికాలోని ఎక్లోనియా మాక్సిమా గోధుమ నాచులు. గ్రాసిలేరియా, కప్పాఫైకస్ ఎరుపు నాచులు. ఉల్వా, కాలెర్పా ఆకుపచ్చ నాచులు. డెల్టా కాలువలను మూసివేసే గుర్రపుడెక్క శైవలం కాదు, అది పూలు పూసే మొక్క. దానికీ ఈ సారానికీ సంబంధం లేదు.

సారాన్ని తీసే పద్ధతులు నాచును బట్టి మారుతాయి. అస్కోఫిల్లమ్‌ను సాధారణంగా క్షార ద్రావణంతో వేడిచేసి కరిగిస్తారు. ఎక్లోనియాను వేడి తగలకుండా, పీడనంలో కలిగే మార్పు వలన కణాలు పగిలేటట్లు చేసి రసం తీస్తారు. కప్పాఫైకస్‌ను పచ్చిగా ఉన్నపుడే నలగగొట్టి రసం పిండుతారు. మిగిలిన పిప్పి కారజీనన్ అనే జిగురు పదార్థం తయారీకి పోతుంది. ప్రయోగశాలలలో మాత్రం నాచును మంచినీటితో కడిగి, సమాన బరువు నీటిలో గంటసేపు ఉడికించి వడకట్టడం ఎక్కువగా కనిపించే పద్ధతి. అలా వచ్చిన వడపోత ద్రవాన్ని నూరు శాతంగా లెక్కించి, దాని నుండి పలుచని ద్రావణాలను తయారుచేస్తారు.

ఈ సారాలలో పొటాషియం, సూక్ష్మ పోషకాలు, మానిటాల్, బీటైన్లు, అమైనో ఆమ్లాలు, సైటోకైనిన్, ఆక్సిన్ వంటి మొక్కల హార్మోనులు ఉంటాయి. గోధుమ నాచులలో ఆల్జినేట్లు, లామినారిన్, ఫ్యూకాయిడాన్ అనే పిండిపదార్థాలు కూడా ఉంటాయి. నాచు జాతి, కోసిన కాలం, తీసిన పద్ధతి మారితే ఈ పదార్థాల పాళ్ళు మారిపోతాయి. "సముద్రపు నాచు సారం" అనే ఒక్క పేరు కింద అమ్ముడుపోయే రెండు సీసాలలో ఒకే ద్రవం ఉంటుందనుకోవడం సరికాదు.

చరిత్ర

ఐర్లాండ్, స్కాట్లాండ్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీర ప్రాంతాల రైతులు ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును శతాబ్దాలుగా పొలాలకు ఎరువుగా వేశారు. తడి నాచు బరువు ఎక్కువ కాబట్టి తీరానికి దూరంగా ఉన్న పొలాలకు దానిని తరలించడం కష్టమయ్యేది. 1940లలో ఇంగ్లండులో రెజినాల్డ్ మిల్టన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త నాచును ద్రవంగా మార్చే పద్ధతిని రూపొందించిన తరువాత ఈ ఇబ్బంది తొలగిపోయింది. ఆ పద్ధతిలో తయారైన ద్రవం "మాక్సీక్రాప్" పేరుతో మార్కెట్టులోకి వచ్చింది. ఆకులపై చల్లడానికి, విత్తనాలను నానబెట్టడానికి నాచును వాడే వీలు దీనితోనే కలిగింది.

భారతదేశంలో ఈ రంగంలో ముఖ్యమైన కృషి 1954లో గుజరాత్‌లోని భావనగర్‌లో ఏర్పడిన కేంద్రీయ ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థది. తమిళనాడులోని రామనాథపురం జిల్లా మండపంలో దీనికి నాచు పరిశోధన కేంద్రం ఉన్నది. కప్పాఫైకస్‌ను మన సముద్రంలో పెంచే విధానాన్ని, తాజా నాచు నుండి ఒకేసారి ఎరువు ద్రవాన్ని, కారజీనన్‌ను పొందే విధానాన్ని ఈ సంస్థ అభివృద్ధి చేసింది. రెండవదానికి 2005లో అమెరికా పేటెంటు లభించింది. 2000 ప్రాంతంలో పెప్సీకో సంస్థ తమిళనాడు తీరంలో ఈ నాచు సాగును వాణిజ్య స్థాయిలో మొదలుపెట్టింది. 2008లో ఆ పని ఆక్వాగ్రి అనే సంస్థ చేతికి వచ్చింది. ఇఫ్కో సహకార సంస్థ "సాగరిక" పేరుతో అమ్ముతున్న ద్రవం, గుళికలు నాచు సారంతో తయారైనవే. మన రైతులలో చాలామందికి నాచు సారం పరిచయమైనది ఇటువంటి సీసాల ద్వారానే. అయితే అది ఎక్కువగా పైరుపై పిచికారీ చేసే మందుగానే పరిచయమైంది. విత్తనశుద్ధికి దాని వాడకం తక్కువ.

విత్తనంలో జరిగే మార్పులు

ఎండు విత్తనం నీటిని మూడు దశలలో తీసుకుంటుంది. మొదటి కొన్ని గంటలలో స్పంజిలాగా వేగంగా పీల్చుకుంటుంది. ఇది చచ్చిన విత్తనంలో కూడా జరుగుతుంది. రెండవ దశలో నీరు దాదాపు లోపలికి పోదు. అయితే లోపల ఎంజైములు మేల్కొని, నిలవ ఉన్న పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను కరిగించడం మొదలుపెడతాయి. మూడవ దశలో ప్రథమ మూలం పొరను చీల్చుకొని బయటికి వస్తుంది. విత్తనాన్ని రెండవ దశ దాకా నడిపించి, వేరు బయటపడక ముందే ఆరబెడితే నాటిన తరువాత అది మిగిలిన కొద్ది దూరాన్నే నడవవలసి ఉంటుంది. దీనిని ప్రైమింగ్ అంటారు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన హైడెకర్ బృందం 1973లో ఈ విధానాన్ని శాస్త్రీయంగా వివరించింది.

నాచు సారంలో నానబెట్టడం కూడా ఒక రకమైన ప్రైమింగే. అందుచేత కనిపించిన మేలులో కొంత భాగం నాచుది కాదు, నీటిది. నానబెట్టిన విత్తనాలను పొడి విత్తనాలతో పోల్చి, తేడా అంతా నాచు వలనే వచ్చిందని చెప్పే ప్రకటనలను ఈ కారణంగా నమ్మరాదు. అంతేసేపు మంచినీటిలో నానిన విత్తనాలతో పోల్చినపుడే సారం పని తెలుస్తుంది.

నీటికి మించి సారం చేసే పని కూడా ఉన్నట్లు ఆధారాలు ఉన్నాయి. అస్కోఫిల్లమ్ సారం బార్లీ గింజలలో పిండిని చక్కెరగా మార్చే అమైలేజ్ ఎంజైమును పెంచుతుందని, ఈ పని జిబ్బరెలిక్ ఆమ్లంపై ఆధారపడదని 2008లో ప్రచురించిన ఒక పరిశోధన తెలిపింది. సారంలోని హార్మోనులే నేరుగా పనిచేస్తాయని పూర్వం భావించేవారు. పలుచన చేసిన తరువాత వాటి పాలు అతి స్వల్పం కాబట్టి ఈ వివరణ పూర్తిగా సరిపోలేదు. మొక్క తన హార్మోనులను తయారుచేసుకొనే తీరునే ఈ సారం మారుస్తుందని 2013లో అరబిడాప్సిస్ మొక్కపై కెనడా శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనలో తేలింది.

ఏ సారమూ చచ్చిన విత్తనాన్ని బ్రతికించలేదు. నిలవలో పిండం చనిపోయిన విత్తనం నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆపైన కుళ్ళుతుంది.

గాఢత

2014లో మెక్సికోలో టమాటా విత్తనాలపై జరిగిన ప్రయోగంలో ఉల్వా, పడినా నాచుల సారాలు 0.2 శాతం గాఢతలో మంచి ఫలితాన్ని ఇచ్చాయి. విత్తనాలు తొందరగా మొలిచాయి, వేరు, కాండం పొడవు పెరిగాయి. 2006లో తమిళనాడులో అలసందపై జరిగిన మరొక ప్రయోగంలో సర్గాసమ్, కాలెర్పా సారాలు 20 శాతం వద్ద అన్నిటికంటే మేలు చేశాయి, అంతకు మించినపుడు పెరుగుదల తగ్గింది. లీటరు ద్రావణంలో మొదటిది 2 మి.లీ., రెండవది 200 మి.లీ. అవుతుంది. అంటే నూరు రెట్ల తేడా. నాచులు వేరు, విత్తనాలు వేరు, మూల ద్రవాన్ని తయారుచేసిన తీరు వేరు. కాబట్టి ఒక ప్రయోగంలోని శాతాన్ని మరొక ద్రవానికి అన్వయించరాదు. రెండు ప్రయోగాలకూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: పలుచని ద్రావణం మేలు చేసింది.

చిక్కని ద్రావణం కీడు చేయడానికి ముఖ్య కారణం ఉప్పు. ఉప్పు ఎక్కువగా ఉన్న ద్రావణం నుండి విత్తనం నీటిని లాగుకోలేదు, సోడియం, క్లోరైడు పిండానికి హాని కూడా చేస్తాయి. నీటిలోని ఉప్పును విద్యుద్వాహకతతో కొలుస్తారు. సముద్రపు నీటికి ఇది మీటరుకు సుమారు 50 డెసీసైమెన్లు. నాచును సరిగా కడగక, తయారైన ద్రావణంలో ఇరవయ్యో వంతు సముద్రపు నీరు మిగిలినా విద్యుద్వాహకత 2.5 దాటుతుంది. నేల ఉప్పుదనం ఎంత దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందో తెలిపే ప్రామాణిక పట్టికలో టమాటాకు 2.5, మిరపకు 1.5, ఉల్లికి 1.2, బీన్సుకు 1.0 డెసీసైమెన్లు అని ఉన్నది. ఇవి ఎదిగిన పంటకు చెప్పిన హద్దులు. లేత మొలక విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

గోదావరి డెల్టాలో

ధవళేశ్వరం వద్ద 1847–1852 మధ్య సర్ ఆర్థర్ కాటన్ నిర్మించిన ఆనకట్టతో గోదావరి డెల్టా వరి ప్రాంతంగా పేరుపొందింది. కూరగాయల సాగు మాత్రం కాలువ కింది మాగాణి కంటే నదీపాయల మధ్య ఉన్న లంక భూములలోను, మెట్ట అంచులలోను, కొబ్బరి తోటల పక్కన ఉన్న పొలాలలోను ఎక్కువ. లంకల నేల ఇసుక కలిసిన ఒండ్రు. వంగ, టమాటా, మిరప, బెండ, బీర, కాకర, దొండ, క్యాబేజీ, కాలీఫ్లవర్ అక్కడ బాగా పండుతాయి.

లంక రైతుకు కాలమే పెద్ద ఇబ్బంది. జులై నుండి సెప్టెంబరు వరకు వరద భయం ఉంటుంది. 1986 ఆగస్టులోను, 2022 జులైలోను వచ్చిన పెద్ద వరదలలో లంకలు మునిగిపోయాయి. నీరు తీసిన తరువాత నేల ఆరి, దుక్కికి వచ్చి, నారు పడేసరికి అక్టోబరు, నవంబరు నెలలు వస్తాయి. అందరి పంటా ఒకేసారి మార్కెట్టుకు చేరితే ధర పడిపోతుంది, ముందుగా కోసినవారికి ధర దక్కుతుంది. మొలకలో వారం రోజుల ఆలస్యం కోతలో వారం ఆలస్యమవుతుంది. మొలక ఒకేసారి రాకపోతే నారులో పెద్ద మొక్క చిన్న మొక్కను తొక్కివేస్తుంది, నాటిన మడిలో పూత, కాత వేర్వేరు వారాలలో వస్తాయి. సంకరజాతి టమాటా విత్తనాల ఖరీదు ఎక్కువ కాబట్టి మొలవని ప్రతి గింజా నష్టమే.

విత్తనం నిలవ విషయంలో కూడా డెల్టా వాతావరణం అనుకూలమైనది కాదు. విత్తనంలో తేమ ఒక్క శాతం పెరిగినా, నిలవ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ పెరిగినా విత్తనం ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందని హారింగ్టన్ సూత్రం చెబుతుంది. వర్షాకాలంలో ఇంటిలో ఉంచిన ఉల్లి, మిరప విత్తనాలు ఈ కారణంగా త్వరగా శక్తిని కోల్పోతాయి. సొర, బీర కాయలను తీగపైనే ఎండనిచ్చి చూరుకు వేలాడదీయడం, గింజలను బూడిదలో కలిపి దాచడం వంటి పాత అలవాట్లు తేమకు విరుగుడుగా పుట్టినవే. పాతబడినా చావని ఇటువంటి విత్తనాలలో ప్రైమింగ్ వలన మేలు ఎక్కువగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన మంచి విత్తనంలో తేడా తక్కువ.

రాజమహేంద్రవరం పక్కన కడియపులంక, బుర్రిలంక, వేమగిరి గ్రామాలు పూల మొక్కల నర్సరీలకు ప్రసిద్ధి. డెల్టాలో కూరగాయ నారును కూడా ఇప్పుడు మడిలో కాకుండా గుంతలున్న ప్లాస్టిక్ ట్రేలలో పెంచడం పెరిగింది. ట్రేలలో మట్టికి బదులు కొబ్బరి పొట్టు నింపుతారు. కోనసీమ కొబ్బరి పీచు పరిశ్రమలో ఇది ఉప ఉత్పత్తి. కడగని కొబ్బరి పొట్టులో పొటాషియం, సోడియం క్లోరైడులు ఎక్కువగా ఉంటాయి. ఉప్పు ఉన్న పొట్టులో, ఉప్పు ఉన్న నాచు ద్రావణంతో తడిసిన విత్తనాన్ని వేసి, ఉప్పు తగిలిన బోరు నీటిని పోస్తే మూడు ఉప్పులూ కలుస్తాయి. ఒక్కొక్కటి విడిగా హద్దులో ఉన్నా మూడూ కలిసినపుడు మొలక దెబ్బతినవచ్చు. నర్సరీలో మొలక సరిగా రానపుడు విత్తన కంపెనీని తప్పు పట్టేముందు ఈ మూడింటినీ పరీక్షించడం మంచిది. పొట్టును మంచినీటితో రెండు మూడుసార్లు కడగడం మామూలు జాగ్రత్త.

సముద్రానికి దగ్గరగా ఉన్న కాట్రేనికోన, ఉప్పలగుప్తం, అల్లవరం, సఖినేటిపల్లి, మొగల్తూరు, నరసాపురం మండలాలలో ఈ సమస్య మరింత తీవ్రం. కాలువల చివరి భూములకు మంచినీరు ఆలస్యంగా అందుతుంది, భూగర్భజలంలో ఉప్పు ఉంటుంది, రొయ్యల చెరువుల ప్రభావం కూడా తోడవుతుంది. నాచు సారం మొక్కకు ఉప్పును తట్టుకొనే శక్తిని కొంత పెంచుతుందని కొన్ని పరిశోధనలు సూచించాయి, దీనికి బీటైన్లు కారణం కావచ్చు. అయితే ఆ సారంలో అదనపు ఉప్పు లేనపుడే ఈ మాట వర్తిస్తుంది.

ఇంత సముద్రతీరం ఉన్నా డెల్టాలో నాచు ముడిసరుకు దొరకదు. నాచులకు అంటుకోవడానికి రాయి, ఎదగడానికి వెలుతురు చొరబడే తేటనీరు కావాలి. అంతర్వేది నుండి కోరంగి వరకు ఉన్న తీరం ఇసుక, బురద, మడ అడవులతో కూడినది. వరద కాలంలో గోదావరి తెచ్చే ఒండ్రు నీటిని మసకబారుస్తుంది, మంచినీరు సముద్రపు ఉప్పుదనాన్ని తగ్గిస్తుంది. కప్పాఫైకస్ వంటి నాచును తెప్పలపై పెంచడానికి కూడా ఇదే అడ్డంకి. ఆంధ్ర తీరంలో నాచులకు పేరుపొందినది రాజమహేంద్రవరానికి సుమారు 190 కి.మీ. దూరాన ఉన్న విశాఖపట్నం రాతి తీరం. అక్కడి నాచులపై ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు చేసిన అధ్యయనం 1964లో ప్రచురితమైంది. ఉల్వా, గ్రాసిలేరియా, సర్గాసమ్, పడినా జాతులు అక్కడ పెరుగుతాయి. కనుక డెల్టా రైతుకు ఈ సారం బయటి నుండి కొనవలసిన సరుకే. పేడ, మూత్రం, సున్నం, మట్టితో ఇంటిలోనే తయారయ్యే బీజామృతంతో పోల్చినపుడు ఇది ఖర్చుతో కూడినది.

వాడే విధానం

రంగు పూసి వచ్చిన విత్తనాలను నానబెట్టరాదు. ఆ రంగు కింద థైరమ్ వంటి శిలీంద్రనాశకం లేదా ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందు ఉంటుంది. నానబెడితే మందు కొట్టుకుపోవడమే కాక, మిగిలిన నీరు విషపూరితమవుతుంది. సంకరజాతి విత్తనాలలో చాలావరకు ఇటువంటివే కాబట్టి ఈ పద్ధతి ముఖ్యంగా రైతు స్వయంగా దాచుకున్న విత్తనాలకు, శుద్ధిచేయని సూటి రకాలకు పనికివస్తుంది.

సీసాపై విత్తనశుద్ధికి చెప్పిన మోతాదు ఉంటే దానినే పాటించాలి. లేకపోతే లీటరు మంచినీటికి 2 మి.లీ. వంటి తక్కువ మోతాదుతో కొద్ది గింజలపై పరీక్షించి చూడాలి. టమాటా, వంగ, మిరప, బెండ విత్తనాలకు 8 నుండి 12 గంటలు, గట్టి పొర ఉన్న కాకర గింజలకు 24 గంటలు సరిపోతాయి. అలసంద, చిక్కుడు గింజలు నీటిని వేగంగా పీల్చుకొని పగిలిపోతాయి కాబట్టి వాటిని రెండు, మూడు గంటలకు మించి ఉంచరాదు. తోటకూర వంటి సన్న విత్తనాలను వెదజల్లుతారు గనుక వాటికి ఈ పద్ధతి అనువుగా ఉండదు. నానిన విత్తనాలను తీసి, మంచినీటితో ఒకసారి కడిగి, పలుచని గుడ్డపై నీడలో ఆరబెట్టి, అదే రోజున లేదా మరునాడు విత్తుకోవాలి. ఎండలో ఆరబెట్టరాదు.

నాచు సారం శిలీంద్రనాశకం కాదు. డెల్టాలో నారుమళ్ళకు పెద్ద శత్రువు నారుకుళ్ళు తెగులు. నాచు సారంలోని పిండిపదార్థాల వలన ఎక్కువసేపు నానిన గింజలకు బూజు పట్టే అవకాశం కూడా ఉన్నది. ఆరిన విత్తనాలకు ట్రైకోడెర్మా విరిడి పొడిని పట్టించడం మంచిది.

ఫలితాన్ని కొలవడం

భారత కనీస విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం టమాటా, వంగ, ఉల్లి విత్తనాలకు కనీస మొలకశాతం 70, బెండకు 65, మిరప, సొర, కాకరలకు 60. విత్తన పరీక్షా కేంద్రాలలో 400 గింజలను నూరేసి చొప్పున నాలుగు భాగాలుగా పరీక్షిస్తారు. టమాటాలో 5వ రోజున మొదటి లెక్క, 14వ రోజున చివరి లెక్క తీసుకుంటారు. వంగ, మిరపలలో మొదటి లెక్క 7వ రోజున ఉంటుంది. నాచు సారం ప్రభావం చివరి లెక్కలో కంటే మొదటి లెక్కలో ఎక్కువగా కనిపిస్తుంది. 14వ రోజుకు రెండు రకాల విత్తనాలూ ఒకే శాతానికి చేరినా, 5వ రోజున ఎక్కువ మొలిచినవే రైతుకు ఉపయోగపడతాయి.

మొలక బలాన్ని కొలవడానికి అబ్దుల్-బాకి, ఆండర్సన్ 1973లో ప్రతిపాదించిన సూచిక వాడుకలో ఉన్నది. మొలకశాతాన్ని మొలక సగటు పొడవుతో గుణిస్తే ఈ సూచిక వస్తుంది. ఉదాహరణకు నూటికి 80 గింజలు మొలిచి సగటు పొడవు 12 సెం.మీ. ఉంటే సూచిక 960.

పాఠశాలలోనో ఇంటిలోనో ఈ పరీక్ష చేయడానికి ఒకే పొట్లంలోని గింజలను నాలుగు వాటాలు చేస్తే చాలు. ఒక వాటాను పొడిగా ఉంచి, రెండవదానిని మంచినీటిలో, మూడవదానిని లీటరుకు 2 మి.లీ. ద్రావణంలో, నాలుగవదానిని లీటరుకు 20 మి.లీ. ద్రావణంలో ఒకే సమయం నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి రోజూ లెక్కించాలి. రెండవ, మూడవ వాటాల మధ్య తేడా లేకపోతే ఆ సీసా ఆ విత్తనానికి పనికిరానట్లే. నాలుగవ వాటా వెనుకబడితే దానికి ఉప్పు కారణమై ఉండవచ్చు.

ప్రభుత్వ నియంత్రణ

చాలాకాలం నాచు సారాలు ఎరువుల చట్టానికి గాని, పురుగుమందుల చట్టానికి గాని స్పష్టంగా లోబడకుండా అమ్ముడుపోయాయి. 2021 ఫిబ్రవరి 23న కేంద్ర ప్రభుత్వం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి, జీవ ఉత్ప్రేరకాలు అనే కొత్త వర్గాన్ని చేర్చింది. సముద్రపు నాచు సారాలు ఇందులోని వృక్ష సారాల తరగతిలోకి వస్తాయి. ఇటువంటి ఉత్పత్తులలో పురుగుమందుల అవశేషాలు పది లక్షలలో 0.01 వంతుకు మించరాదని ఆ ఉత్తర్వు నిర్దేశించింది. కొన్ని ద్రవాలలో కృత్రిమ హార్మోనులు, పురుగుమందులు రహస్యంగా కలుపుతున్నారన్న అనుమానాల వలన ఈ నిబంధన అవసరమైంది. సీసాపై నాచు జాతి పేరు, ఘన పదార్థాల శాతం లేకపోతే పైన చెప్పిన గాఢతల లెక్క ఏదీ దానికి వర్తించదు.

డెల్టా రైతులకు కూరగాయ పంటలపై సలహా ఇచ్చే ముఖ్య సంస్థ తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన డాక్టర్ వై.యస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం. అక్కడే కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉన్నది.